పాఠకుల ప్రశ్నలు: బ్యాండు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కణంలో ప్రొటీన్ల తయారీ ఎలా మొదలవుతుందో క్రిందటి సంచికలో రాశాను. క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ప్రొటీన్లను అల్లే యంత్రమైన రైబోసోములోని చిన్న ఉపభాగం, మొదటి అమినో ఆమ్లమైన మెథియోనిన్‌ను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ, జన్యువు సందేశాన్ని తెచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ అనే మూడూ ఒకచోట చేరి, ఏయూజీ అనే ఆరంభ సంకేతం దగ్గర కుదురుకున్న తరువాతే పెద్ద ఉపభాగం వచ్చి కలుస్తుంది. ఈ కూర్పును జరిపించే ప్రొటీన్లను ఆరంభ కారకాలు అంటారు. వాటి పేర్లు ఈఐఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఆ వ్యాసం చదివి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది ఒకే సందేహం వెలిబుచ్చారు. ఇదంతా కంటికి ఆనని వ్యవహారం కదా, యాంటీబాడీలతో చూశామంటున్నారు, ఎలా చూశారు, ఆ చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఆ సందేహం. ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: యాంటీబాడీ అంటే రోగంతో పోరాడే పదార్థమని పిల్లలకు పాఠం చెబుతున్నాం. పోరాడేది చూపించే సాధనం ఎలా అయింది? పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలరా?
(సైన్సు ఉపాధ్యాయులు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, మీ పాఠం తప్పేమీ కాదు. రోగంతో పోరాడటం యాంటీబాడీ చేసే పని. ఒక ప్రత్యేకమైన ఆకారాన్ని గుర్తుపట్టి దానికి అతుక్కోవడం దాని గుణం. ప్రయోగశాల వాడుకునేది ఆ గుణాన్ని. దీన్ని చూపించడానికి మీకు సూక్ష్మదర్శిని కూడా అక్కరలేదు. జ్వరం వచ్చిన ఇంటికి ఆశా కార్యకర్త తెచ్చే మలేరియా కిట్టును ఒకసారి పిల్లలను దగ్గరగా చూడనివ్వండి. వేలి కొసన పొడిచి తీసిన రక్తపు బొట్టును ఒక గుంటలో వేసి, పక్క గుంటలో ద్రావణం చుక్కలు వేస్తే, ఆ తడి తెల్లని పట్టీ వెంట మెల్లగా పాకుతుంది. ఆ పట్టీ మీద కొన్ని చోట్ల యాంటీబాడీలను కంటికి కనబడని గీతలుగా ముందే అంటించి ఉంచుతారు. ఫాల్సిపారం రకం మలేరియా పరాన్నజీవి రక్తంలోకి వదిలే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీను ఆ బొట్టులో ఉంటే, రంగు రేణువులు తగిలించిన ఒక యాంటీబాడీ దాన్ని దారిలోనే పట్టుకుంటుంది; ఆ జంట పాకుతూ పోయి, గీతలో కాచుకుని ఉన్న మరో యాంటీబాడీ దగ్గర ఆగిపోతుంది. రంగు అక్కడ పోగుపడి గీత తేలుతుంది. దానికి కొంచెం ఎడంగా కంట్రోల్ గీత ఒకటి ఉంటుంది. రోగం ఉన్నా లేకపోయినా అది రావాలి. రాకపోతే కిట్టే పనిచేయలేదని, ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదని అర్థం.

ఈ చిన్న పట్టీలోనే నేను ఈ వారం చెప్పబోయేదంతా ఉంది. రోగాన్ని చూపే గీత కనబడినంత మాత్రాన పరాన్నజీవి బతికి ఉన్నట్టు కాదు. మందుతో అది చచ్చిపోయిన తరువాత కూడా హెచ్‌ఆర్‌పీ-2 కొన్ని వారాలపాటు రక్తంలో మిగిలి ఉంటుంది. గీత రానంత మాత్రాన పరాన్నజీవి లేదనీ కాదు. ఆ ప్రొటీనుకు చెందిన జన్యువే లేని ఫాల్సిపారం పరాన్నజీవులు పెరూ దేశపు అమెజాన్ ప్రాంతంలో ఉన్నాయని 2010లో బయటపడింది. కిట్టులోని యాంటీబాడీ తనకు తెలిసిన ఆకారం అక్కడ ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. మిగిలినది మనం ఊహించుకుంటున్నాం.

కావలసిన ఆకారానికి కావలసినంత యాంటీబాడీని తయారుచేసుకునే వీలు 1975లో కలిగింది. కేంబ్రిడ్జిలో పనిచేసిన జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అనే ఇద్దరు, యాంటీబాడీని తయారుచేసే ఎలుక కణాన్ని, ఆగకుండా విభజన చెందే క్యాన్సర్ కణంతో కలిపివేశారు. అలా పుట్టిన కణం ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారుచేస్తూ ఉంటుంది. ఆ పనికి వారికి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. కుందేళ్ళకు టీకా వేసినట్టు వేసి, రక్తం తీసి, అందులోంచి యాంటీబాడీని వడగట్టే పాత పద్ధతి కూడా ఇప్పటికీ వాడుకలో ఉంది.

ప్రశ్న: కణాలకు సోడియం ఆర్సెనైట్ ఇచ్చి, ఫాస్ఫేటు పడిన ఈఐఎఫ్2 ఆల్ఫాను గుర్తించే యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ చేశాను. ఆర్సెనైట్ ఇచ్చిన లేనులో ముదురు బ్యాండు వచ్చింది, ఏమీ ఇవ్వని లేనులో కూడా లేతగా వచ్చింది. యాంటీబాడీ మంచిది కాదని మా గైడు గారు అంటున్నారు. అది సహజమేనని తోటి విద్యార్థిని అంటోంది. ఆర్సెనైట్ వల్ల ప్రొటీన్ల తయారీ ఆరంభం ఆగిపోయిందని ఈ బ్లాట్ ఆధారంగా థీసిస్‌లో రాయవచ్చా?
(పరిశోధక విద్యార్థిని, బరంపురం)

జవాబు: మిగతా పాఠకులకు ఒక మాట: వెస్టర్న్ బ్లాట్ అంటే కణాల్లోని ప్రొటీన్లను జెల్‌లో సైజును బట్టి విడదీసి, ఒక పొర మీదికి దించి, యాంటీబాడీతో వెతకడం; ఒక్కో నమూనా దిగే దారి లేను, వెతికిన ప్రొటీను ఉన్నచోట తేలే గీత బ్యాండు. మీ గైడు గారి అనుమానంలోనూ, మీ తోటి విద్యార్థిని మాటలోనూ నిజం ఉంది. చివరి ప్రశ్నకు మాత్రం నా జవాబు సూటిగా ఒకటే: ఈ ఒక్క బ్లాట్‌తో అలా రాయకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే పొరపాటు అచ్చయిన వ్యాసాల్లో కూడా తరచుగా కనబడుతుంది.

ముందు ఆ యాంటీబాడీ చూస్తున్నదేమిటో చూద్దాం. ఈఐఎఫ్2 మూడు ఉపభాగాల ప్రొటీను. శక్తినిచ్చే జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉన్నప్పుడే అది మెథియోనిన్ మోసే టీఆర్‌ఎన్‌ఏను రైబోసోము దగ్గరికి చేర్చగలదు. ఏయూజీ దొరికాక ఆ జీటీపీ శక్తి ఖర్చయి జీడీపీగా మారుతుంది, ఈఐఎఫ్2 బయటపడుతుంది. దానికి మళ్ళీ జీటీపీని ఎక్కించి పనిలోకి పంపడం ఈఐఎఫ్2బీ అనే మరో కారకం బాధ్యత. ఆల్ఫా ఉపభాగంలో 51వ స్థానంలో ఉన్న సెరిన్ అనే అమినో ఆమ్లానికి ఫాస్ఫేటు తగులుకుంటే, ఈఐఎఫ్2 వెళ్ళి ఈఐఎఫ్2బీని గట్టిగా పట్టుకుని పనిచేయనివ్వదు. కణంలో ఈఐఎఫ్2బీ, ఈఐఎఫ్2 కంటే తక్కువగా ఉంటుంది. కనుక ఈఐఎఫ్2లో కొద్ది వంతుకు ఫాస్ఫేటు పడినా తయారీ అంతా మందగిస్తుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఒక్క లారీ అడ్డం తిరిగి నిలబడితే వెనక వచ్చే బళ్ళన్నీ నిలిచిపోయినట్టే. కాబట్టి బ్యాండు ఎన్ని రెట్లు ముదిరిందో, తయారీ అన్ని రెట్లు తగ్గిందని లెక్క కట్టడం మొదటి పొరపాటు.

ఇక లేత బ్యాండు సంగతి. ఈ ఫాస్ఫేటును తగిలించే ఎంజైములు క్షీరదాల కణాల్లో నాలుగు ఉన్నాయి. వైరస్‌ల జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ కనబడితే పీకేఆర్, అమినో ఆమ్లాలు తగ్గితే జీసీఎన్2, కణంలో ప్రొటీన్లు ముడుచుకునే గదుల్లాంటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో సరిగా ముడుచుకోని ప్రొటీన్లు పేరుకుపోతే పీఈఆర్‌కే, హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీము తగ్గినా ఆర్సెనైట్ తగిలినా హెచ్‌ఆర్‌ఐ మేల్కొంటాయి. సుఖంగా ఉన్న కణంలో కూడా వీటిలో ఏదో ఒకటి కొద్దిగా పనిచేస్తూనే ఉంటుంది. కనుక లేత బ్యాండు సహజమే కావచ్చు. అయితే ఆ కణం నిజంగా సుఖంగా ఉన్నదా అని అడగాలి. నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఏమీ ఇవ్వని కణాల్లోనే ముదురు బ్యాండు వస్తుంటే, రెండు నెలలు యాంటీబాడీని అనుమానించాను. ఒక రోజు పళ్ళేలను కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రయోగం పళ్ళేలలో పోషక ద్రావణం ఎర్రగా ఉంది, కంట్రోల్ పళ్ళెంలోది పసుపుకు తిరిగింది. ప్రయోగం పళ్ళేలకు మందు కలిపేటప్పుడు ద్రావణం మార్చేవాడిని. కంట్రోల్ పళ్ళెం జోలికి పోయేవాడిని కాను. కణాలు కిక్కిరిసి, ద్రావణం పులిసి, అందులోని అమినో ఆమ్లాలు అయిపోయి, కంట్రోల్ కణాలే ఆకలితో ఉన్నాయి. యాంటీబాడీ రెండు నెలలుగా నిజమే చెబుతోంది. మీరు కూడా మీ పళ్ళేల రంగు చూసుకోండి. ఏమీ ఇవ్వని పళ్ళేనికి కూడా అదే సమయంలో, అదే ద్రావణం మార్చండి. కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైముతో పళ్ళెం నుంచి ఊడదీసి, తిప్పి, కడిగి, తీరిగ్గా పగలగొడితే ఆ చికాకుకే ఫాస్ఫేటు పెరుగుతుంది. పళ్ళెం మంచు మీద పెట్టి, చల్లని ద్రావణంతో ఒక్కసారి కడిగి, సోడియం ఫ్లోరైడు, బీటా గ్లిసరోఫాస్ఫేటు కలిపిన ద్రావణాన్ని నేరుగా పోసి గీరండి. ఆ రెండూ లేకపోతే కణంలోని ఫాస్ఫటేజులు మీరు చూడదలచిన ఫాస్ఫేటును గొట్టంలోనే ఊడగొడతాయి.

మీ గైడు గారి అనుమానాన్ని తీర్చడానికి మార్గాలున్నాయి. ఇలాంటి యాంటీబాడీని తయారుచేసేటప్పుడు, 51వ సెరిన్ చుట్టూ ఉన్న కొద్దిపాటి అమినో ఆమ్లాల వరుసను ఫాస్ఫేటుతో సహా కృత్రిమంగా తయారుచేసి, పెద్ద ప్రొటీనుకు తగిలించి, కుందేలుకు ఎక్కిస్తారు. వచ్చిన రక్తరసంలోంచి, ఫాస్ఫేటు లేని వరుసను కూడా పట్టుకునే యాంటీబాడీలను ఏరి పారేస్తారు. ఆ ఏరివేత సరిగా జరగకపోతే, ఫాస్ఫేటు ఉన్నా లేకపోయినా బ్యాండు వస్తుంది. దాన్ని కనిపెట్టడానికి బ్లాట్‌లో ఒక ముక్కను ల్యాంబ్డా ఫాస్ఫటేజుతో నానబెట్టి చూడండి. ఫాస్ఫేటు ఊడిపోయాక కూడా బ్యాండు ఉంటే మీ గైడు గారిదే సరైన మాట. ఇంతకంటే గట్టి సాక్ష్యం, 51వ సెరిన్‌కు బదులు అలనిన్ అనే అమినో ఆమ్లం ఉండేలా మార్చిన ఎలుక కణాలు. వాటిలో ఫాస్ఫేటు పడటానికి చోటే లేదు. అవి ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్క లేనుకు సరిపడా అడిగి తెచ్చుకోండి. మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫాను చూసే మరో యాంటీబాడీతో కూడా బ్లాట్ చేయడం తప్పనిసరి. ఫాస్ఫేటు బ్యాండును దానితో పోల్చాలే తప్ప, లేనులో మొత్తం ప్రొటీను సమానంగా ఉందా అని చూడటానికి వాడే యాక్టిన్‌తో కాదు. ఫాస్ఫేటు పడినదీ, మొత్తమూ 38 కిలోడాల్టన్ల దగ్గరే తేలతాయి కనుక, ఆ రెండు యాంటీబాడీల్లో ఒకటి కుందేలుది, మరొకటి ఎలుకది అయితే, రెండు రంగుల్లో ఒకేసారి చూడవచ్చు. యాంటీబాడీ పొర మీద ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా బ్లాట్‌ను పాలపొడితో కాకుండా ఆల్బుమిన్‌తో నానబెట్టమని చెప్పడానికి కారణం కూడా ఇదే కోవలోది: పాలలోని కేసీన్ స్వయంగా ఫాస్ఫేటు ఉన్న ప్రొటీను.

ఇవన్నీ సరిపోయాయనుకుందాం. అప్పుడు మీకు తెలిసేది 51వ సెరిన్ మీద ఫాస్ఫేటు పెరిగిందని మాత్రమే. అది తయారీ ఆగిపోవడంతో సమానం కాదని చూపించే ప్రయోగం ఒకటి ఉంది, నాకు అది ఎప్పుడూ అద్భుతంగా తోస్తుంది. ఐఎస్‌ఆర్‌ఐబీ అనే చిన్న అణువును కణ శాస్త్రవేత్త పీటర్ వాల్టర్ బృందం 2013లో వెలుగులోకి తెచ్చింది. అది ఈఐఎఫ్2బీకి అతుక్కుని దాన్ని బలపరుస్తుంది. కొంత ఒత్తిడిలో ఉన్న కణానికి దాన్ని ఇస్తే, ఫాస్ఫేటు బ్యాండు ఉన్నది ఉన్నట్టే ముదురుగా ఉంటుంది, ప్రొటీన్ల తయారీ మాత్రం తిరిగి మొదలవుతుంది. మీ యాంటీబాడీ ఆ రెండు కణాలకూ ఒకే జవాబు చెబుతుంది. అందుకే ఫాస్ఫేటు బ్యాండు పక్కన ఏటీఎఫ్4 అనే ప్రొటీనును కూడా చూడండి. ఆరంభం మందగించినప్పుడు చాలా ప్రొటీన్లు తగ్గుతాయి, ఏటీఎఫ్4 మాత్రం పెరుగుతుంది. దాని ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉన్న చిన్న చదువు చట్రాలు (రైబోసోము ప్రొటీనుగా చదివే పొట్టి వరుసలు) మామూలు రోజుల్లో రైబోసోమును దారి మళ్ళిస్తాయి, ఈఐఎఫ్2 కొరత ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని దాటి అసలు ఏయూజీకి చేరే వీలు కలుగుతుంది. ఫాస్ఫేటు కొంత సేపటికి తగ్గిపోతుందని కూడా గుర్తుంచుకోండి. జీఏడీడీ34 అనే ప్రొటీను ఫాస్ఫటేజును తీసుకొచ్చి దాన్ని ఊడగొడుతుంది. ఒక్క సమయంలో తీసిన ఒక్క బ్లాట్ కంటే, పావుగంట, అరగంట, గంట, రెండు గంటలు, నాలుగు గంటల దగ్గర తీసిన బ్లాట్ ఎంతో మేలు. తయారీ ఎంత తగ్గిందో నేరుగా కొలవడం గురించి జయపురం ఉత్తరానికి ఇచ్చిన జవాబు చూడండి. ఆర్సెనైట్ విషమని మీకు తెలుసు. మిగిలిన ద్రావణాన్ని సింకులో పారబోయకండి.

ప్రశ్న: ఈఐఎఫ్4ఈ-బీపీ1 అనే ప్రొటీను కోసం బ్లాట్ చేస్తే ఒక్క బ్యాండు రావలసిన చోట మూడు వచ్చాయి. ఇది కల్తీ యాంటీబాడీయా?
(కళాశాల అధ్యాపకులు, గుణుపురం)

జవాబు: కాదండీ, మీ యాంటీబాడీ ఉన్నదున్నట్టు చూపిస్తోంది. సాధారణంగా 4ఈ-బీపీ1 అని పిలిచే ఈ ప్రొటీనుకు ఫాస్ఫేటులు పడే చోట్లు ఒకటి కాదు, 37, 46, 70 స్థానాల్లోని థ్రియోనిన్‌లు, 65వ స్థానంలోని సెరిన్ ముఖ్యమైనవి. ఎక్కువ ఫాస్ఫేటులు పడిన రూపం జెల్‌లో నెమ్మదిగా దిగుతుంది కనుక పైన నిలుస్తుంది, తక్కువ పడినది కిందికి జారుతుంది. మూడు మెట్లను ఆల్ఫా, బీటా, గామా అంటారు. పోషకాలు, ఇన్సులిన్ పుష్కలంగా ఉంటే ఎంటీఓఆర్ అనే ఎంజైము ఫాస్ఫేటులు తగిలిస్తుంది, బ్యాండు పై మెట్టు ఎక్కుతుంది. కణం పస్తు ఉంటే కింది మెట్టుకు దిగుతుంది. ఫాస్ఫేటు లేని 4ఈ-బీపీ1, ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కొసన ఉండే టోపీ అనే గుర్తును పట్టుకునే ఈఐఎఫ్4ఈకి అతుక్కుంటుంది. అదే చోట ఈఐఎఫ్4జీ కూడా అతుక్కోవాలి. ఇద్దరికీ ఒకే పీట. 4ఈ-బీపీ1 కూర్చుంటే ఈఐఎఫ్4జీకి చోటు లేదు, ఆరంభం కుంటుపడుతుంది.

ఆ పీట మీద ఎవరు కూర్చున్నారో చూడాలంటే, టోపీని పోలిన ఎం7జీటీపీ అంటించిన పూసలతో కణద్రవాన్ని కలిపి, ఈఐఎఫ్4ఈని లాగి, దానితోపాటు వచ్చినది ఈఐఎఫ్4జీయా, 4ఈ-బీపీ1ఆ అని రెండు యాంటీబాడీలతో చూడాలి. మామూలు బ్లాట్ కంటే ఈ ప్రయోగాన్నే నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇందులో యాంటీబాడీ ఒక ప్రొటీను ఉనికిని కాక, రెండు ప్రొటీన్ల కలయికను చూపిస్తుంది. మీ ప్రొటీను చాలా చిన్నది, 15 శాతం జెల్ వాడండి, పొరకు బదిలీ చేసేటప్పుడు 0.2 మైక్రాన్ల రంధ్రాలున్నది తీసుకోండి. ఇది మరగబెట్టినా గడ్డకట్టదు. కణద్రవాన్ని మరిగించి, గడ్డకట్టిన మిగతా ప్రొటీన్లను కిందికి దించేస్తే పైన తేటలో ఇది మిగులుతుంది. ఈఐఎఫ్4జీ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. పోలియో వైరస్ ప్రొటీన్లను కోసే తన 2ఏ ప్రొటియేజుతో దాన్ని రెండుగా నరుకుతుంది. ముందు భాగాన్ని చూసే యాంటీబాడీకి ఒక ముక్క, వెనక భాగాన్ని చూసే యాంటీబాడీకి మరో ముక్క కనబడతాయి. యాంటీబాడీ ఏ చోటును గుర్తిస్తుందో సీసాతో వచ్చిన కాగితంలో చదవకుండా ఆ బ్లాట్‌ను అర్థం చేసుకోలేం.

ప్రశ్న: రేడియోధార్మిక మెథియోనిన్ వాడటానికి మా దగ్గర అనుమతి లేదు. ప్రొటీన్ల తయారీ ఎంత జరుగుతోందో యాంటీబాడీతోనే కొలిచే వీలుందా?
(ప్రాజెక్టు సహాయకుడు, జయపురం)

జవాబు: ఉంది. ప్యూరోమైసిన్ అనే యాంటీబయాటిక్ అణువు, అమినో ఆమ్లం మోసే టీఆర్‌ఎన్‌ఏ కొసను పోలి ఉంటుంది. రైబోసోము దాన్ని నిజమైన టీఆర్‌ఎన్‌ఏ అనుకుని, అప్పుడే అల్లుతున్న గొలుసుకు దాన్ని తగిలిస్తుంది. అక్కడితో గొలుసు ఆగి, కొసన ప్యూరోమైసిన్‌తో ఊడిపోతుంది. కణాలకు కొద్ది మోతాదులో, పది నిమిషాలపాటు దాన్ని ఇచ్చి, ప్యూరోమైసిన్‌ను గుర్తించే యాంటీబాడీతో బ్లాట్ చేస్తే, ఆ పది నిమిషాల్లో అల్లిక జరుగుతున్న గొలుసులన్నీ లేను పొడవునా పైనుంచి కిందిదాకా మసకగా పరుచుకుంటాయి. ఒక్క బ్యాండు కాదు, లేను మొత్తం నలుపు. ఫ్రాన్సులోని మార్సెయ్‌లో ఫిలిప్ పియర్ బృందం 2009లో ఈ పద్ధతిని సన్‌సెట్ అనే పేరుతో ప్రకటించింది. ప్యూరోమైసిన్ ఇవ్వని లేను ఒకటి తప్పక పెట్టుకోండి. అది శుభ్రంగా ఉంటేనే మిగిలిన నలుపుకు అర్థం ఉంటుంది.

అయితే ఈ నలుపు తగ్గితే ఆరంభం తగ్గినట్టేనా? తగ్గి ఉండవచ్చు, లేదా రైబోసోములు మధ్యదారిలో నత్తనడక నడుస్తూ ఉండవచ్చు. రెండింటినీ వేరుచేయడానికి హారింగ్టొనిన్ ఉపయోగపడుతుంది. అది కొత్తగా ఆరంభమయ్యే రైబోసోములను మొదటి మెట్టులోనే ఆపుతుంది, అప్పటికే బయలుదేరినవాటిని పోనిస్తుంది. హారింగ్టొనిన్ ఇచ్చిన తరువాత వేర్వేరు సమయాల్లో ప్యూరోమైసిన్ ఇస్తూ పోతే, నలుపు ఎంత వేగంగా చెరిగిపోతుందో దాన్నిబట్టి అల్లిక వేగం తెలుస్తుంది. ఆ వేగం మారకుండా మొదటి నలుపు మాత్రమే తగ్గిందంటే, తప్పు ఆరంభంలో ఉంది. అల్ట్రా సెంట్రిఫ్యూజు అందుబాటులో ఉంటే చక్కెర ద్రావణపు మెట్ల మీద రైబోసోములను విడదీయండి. ఆరంభం తగ్గినప్పుడు ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ మీద వరుసకట్టిన రైబోసోముల గుంపులు కరిగి, ఒంటరి రైబోసోముల గుట్ట పెరుగుతుంది. అల్లిక ఆగినప్పుడు గుంపులు అలాగే ఉంటాయి. ఆ మెట్ల నుంచి తీసిన గొట్టాల్లో ఈఐఎఫ్2, ఈఐఎఫ్3ల యాంటీబాడీలతో బ్లాట్ చేస్తే, కారకాలు చిన్న ఉపభాగంతో కలిసి ఉన్నాయా, విడిగా తేలుతున్నాయా అన్నది కూడా చూడవచ్చు. బరంపురం విద్యార్థిని థీసిస్‌కు నేను కోరే సాక్ష్యం ఇలాంటిది.

ప్రశ్న: వేసవిలో కరెంటు పోతూ ఉంటుంది. యాంటీబాడీలను ఎలా దాచాలి?
(ప్రయోగశాల సహాయకుడు, ఛత్రపురం)

జవాబు: సీసాతో వచ్చిన కాగితం చెప్పిన చోటే పెట్టండి. సగం గ్లిసరాల్ కలిపిన యాంటీబాడీ మైనస్ 20 డిగ్రీల్లోనూ గడ్డకట్టదు, దాన్ని ముక్కలు చేయనవసరం లేదు. గ్లిసరాల్ లేనిదాన్ని వచ్చిన రోజే చిన్న గొట్టాల్లోకి పంచి, ఒక్కొక్కటి ఒక్కసారే కరిగించండి. పదేపదే గడ్డకట్టి కరగడమే వాటిని చంపుతుంది. తానే మంచును కరిగించుకునే ఫ్రీజరు వద్దు, అది వెచ్చబడుతూ చల్లబడుతూ ఉంటుంది. మొదటి యాంటీబాడీని పట్టుకుని బ్యాండును కనబరచే, పెరాక్సిడేజు ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీని రిఫ్రిజిరేటరులోనే ఉంచండి, బూజు పట్టకుండా అందులో సోడియం అజైడ్ కలపకండి. అజైడ్ ఆ ఎంజైమునే ఆపేస్తుంది, బ్లాట్ ఖాళీగా వస్తుంది.

ప్రశ్న: రోజూ రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవారిని, మలేరియా ఉన్నవారిని చూస్తుంటాను. ఇనుము తక్కువైతే ఎర్ర కణాలు చిన్నవిగా, వెలవెలబోయి ఎందుకు ఉంటాయి? మీరు రాసిన ఈఐఎఫ్2కూ, మా పనికీ ఏదైనా సంబంధం ఉందా?
(ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ)

జవాబు: ఉందమ్మా, మీరు స్లైడు మీద చూస్తున్నదే ఆ సంబంధం. హిమోగ్లోబిన్‌కు గ్లోబిన్ అనే ప్రొటీను గొలుసులు, ఇనుము ఉన్న హీము, రెండూ సరిసమానంగా కావాలి. ఇనుము లేక హీము తగ్గినప్పుడు గ్లోబిన్ మాత్రం ఎప్పటిలాగే తయారైతే, తోడు దొరకని గొలుసులు ముద్దకట్టి కణాన్ని పాడుచేస్తాయి. అలా జరగకుండా, ఎర్ర కణాలుగా మారబోయే కణాల్లో హెచ్‌ఆర్‌ఐ అనే ఎంజైము హీమును కనిపెట్టి చూస్తూ ఉంటుంది. హీము సరిపడా ఉంటే అది నిద్రపోతుంది. తగ్గితే మేల్కొని, ఈఐఎఫ్2 ఆల్ఫా 51వ సెరిన్‌కు ఫాస్ఫేటు తగిలించి, గ్లోబిన్ తయారీని మొదట్లోనే తగ్గిస్తుంది. ఉన్న హీముకు తగినంత గ్లోబినే తయారవుతుంది కనుక కణం చిన్నదిగా, పాలిపోయి బయటికి వస్తుంది. జేన్-జేన్ చెన్ బృందం 2001లో హెచ్‌ఆర్‌ఐ లేని ఎలుకలకు ఇనుము తక్కువ ఆహారం పెట్టింది. వాటి ఎర్ర కణాలు చిన్నవి కాలేదు, కానీ సంఖ్య తగ్గిపోయింది, వాటి లోపల గ్లోబిన్ ముద్దలు పేరుకున్నాయి. మీ స్లైడు మీది చిన్న కణం, లేమిలో జాగ్రత్తగా సంసారం చేసిన కణమని నేను అనుకుంటాను. సికిల్ సెల్ జబ్బు సంగతి వేరు. అక్కడ తేడా గ్లోబిన్ గొలుసులోని ఒక్క అమినో ఆమ్లంలోనే ఉంది, ఆరంభంలో కాదు.

మలేరియా పరాన్నజీవికి కూడా ఈఐఎఫ్2 ఉంది. మన 51వ సెరిన్‌కు సాటి వచ్చే సెరిన్ ఫాల్సిపారంలో 59వ స్థానంలో ఉంటుంది. దోమ లాలాజల గ్రంథుల్లో కాచుకుని ఉండే పరాన్నజీవి, ఐకే2 అనే తన సొంత ఎంజైముతో ఆ సెరిన్‌కు ఫాస్ఫేటు తగిలించుకుని, ప్రొటీన్ల తయారీని తగ్గించుకుని నిద్రలో ఉంటుందని విక్టర్ నుసెన్‌జ్వైగ్ బృందం 2010లో చూపించింది. ఆ ఎంజైము లేని పరాన్నజీవులు దోమలో ఉండగానే ముందుగా రూపం మార్చేసుకుని, కొత్త ఒంట్లోకి వెళ్ళే సత్తాను పోగొట్టుకున్నాయి. ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందు తగిలినప్పుడు రక్తంలోని పరాన్నజీవులు పీకే4 అనే మరో ఎంజైముతో ఇదే ఫాస్ఫేటును తగిలించుకుని నిద్రలోకి జారి, మందు ప్రభావం తగ్గాక మళ్ళీ లేస్తాయని, ఆ ఎంజైమును అడ్డుకుంటే ఆ నిద్ర పట్టదని 2017లో మరో ప్రయోగం చూపింది. ఫాస్ఫేటు పడిన ఈఐఎఫ్2 ఆల్ఫాను మాత్రమే గుర్తించే యాంటీబాడీయే ఈ ప్రయోగాల్లో ఆ నిద్రకు ప్రధాన సాక్షి. మీ కిట్టులోని గీత పరాన్నజీవి విడిచిన ప్రొటీనును పట్టుకుంటుంది. ఆ పరాన్నజీవి నిద్రలో ఉందా, మెలకువలో ఉందా అన్నది ఆ గీతకు అందదు. దాన్ని అడగాలంటే వేరే ఆకారాన్ని గుర్తించే వేరే యాంటీబాడీ కావాలి.